చెప్పులో మిగిలిన హకారం

పోయిన వేసవిలో ఒక శనివారం, లైడెన్‌లో కాలువ పక్కన జరిగే సంతలో నా కుడికాలి చెప్పు వారు తెగింది. కాలీడ్చుకుంటూ పక్క సందులో చెప్పులు బాగుచేసే కొట్టుకి వెళ్ళాను. నాకొచ్చిన అరకొర డచ్చిలో “ఒక స్ఖూనెన్ తెగిందండీ” అన్నాను. కొట్టాయనకి అరవై దాటుంటాయి. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, “ఒకటైతే స్ఖూన్, మెనేర్. రెండైతే స్ఖూనెన్” అని దిద్ది, మంగళవారం రమ్మన్నాడు.

ఆయన దిద్దింది ఇవాళ్టి డచ్చికి సరైనదే. మధ్యయుగాల డచ్చిలో మాత్రం ఒకటైతే ‘స్ఖూ’, రెండైతే ‘స్ఖూన్’. చెప్పుల మాట ఎప్పుడూ జతగానే వస్తుంది కాబట్టి జనం నోట బహువచనమే ఏకవచనమై కూర్చుంది. దానికి మళ్ళీ ఇంకో బహువచనం తగిలించారు. మనం ‘షూస్‌లు’, ‘సాక్సులు’ అనడం లేదూ, సరిగ్గా అదే పని. మన ‘జోడు’ కథా ఇలాంటిదే. జత అని అర్థమున్న మాట కాళ్ళకి తొడిగే వస్తువుకే పేరైపోయి, కాలిజోడు, మేజోడు, ఆఖరికి కళ్ళజోడు దాకా వెళ్ళింది.

ఇదంతా ఆ కొట్టాయనకి చెప్పలేదు. చెప్పేంత డచ్చి రాదు, అదొకటి. రెండోది, ఈ మాట గురించి నాకొక పాత అప్పుంది.

నాలుగేళ్ళ కిందట ఇక్కడి తెలుగువాళ్ళ కూడిక ఒకదానిలో, భోజనాలయ్యాక ఏదైనా మాట్లాడమంటే, మాటల పుట్టుకల గురించి మాట్లాడాను. ఇంగ్లీషు ‘షూ’ అనే మాటకి మూలం ‘కప్పడం’ అనే అర్థమున్న ధాతువు అని చెప్పి, పార్సీ నుంచి మనకొచ్చిన ‘పాపోసు’ని పక్కన పెట్టాను. పా అంటే కాలు, పోష్ అంటే కప్పేది. చూడండి, అక్కడా ఇక్కడా మనిషి ఆలోచన ఒకటే అన్నాను. అందరికీ నచ్చింది. ఇక్కడ భాషాశాస్త్రం చదువుకుంటున్న ఒకమ్మాయి మాత్రం వెనక నుంచి అడిగింది: “అంకుల్, ఆ ధాతువులో ‘వ’ ఉంది కదా. షూలోకి వచ్చేసరికి అదెక్కడికి పోయింది?”

నాకు తెలియలేదు. “కాలక్రమంలో పోయుంటుందమ్మా” అన్నాను. ఆ అమ్మాయి మర్యాదగా తలూపి ఊరుకుంది. ఆ మర్యాదే నన్ను ఇన్నాళ్ళూ పొడుస్తూ ఉంది. కాలక్రమంలో ఏదైనా పోతుందని ఒప్పుకుంటే ఇక ఏ మాటనైనా ఏ మాటలోంచైనా పుట్టించెయ్యొచ్చు. మనవాళ్ళు వాట్సాపుల్లో రోజూ చేసేది అదే. వాళ్ళని వెక్కిరించే నేనే ఆ రోజు అందరి ముందూ ఆ పని చేశాను.

ఆ ‘వ’ ఎంత ముఖ్యమో మన చెప్పుతోనే తెలుస్తుంది. తెలుగులో కాలికి వేసుకునేదీ ‘చెప్పు’, నోటితో చేసే పనీ ‘చెప్పు’. తెలుగొక్కటే తెలిసినవాడు ఈ రెంటికీ చుట్టరికం కలపాలనుకుంటే అడ్డేమీ లేదు. నడిచేటప్పుడు చప్పుడు చేస్తుంది గనక చెప్పు అంటే నమ్మేవాళ్ళూ ఉంటారు. కానీ తమిళంలోకి తొంగి చూస్తే మాట్లాడటం ‘చెప్పు’, కాలిది ‘చెరుప్పు’. మలయాళంలో ‘చెరిప్పు’. కన్నడంలో ‘కెర్పు’, ‘కెర’. అంటే మన కాలి చెప్పులో ఒకప్పుడు ఒక రేఫ ఉండేది, అది పక్క పకారంలో కలిసిపోయింది. ముందున్న కకారం ఎకారం తగిలి చకారమైంది. కన్నడం దాన్ని అలాగే నిలుపుకుంది. బరో, ఎమెనో తమ ద్రావిడ నిఘంటువులో ఈ రెండు చెప్పుల్నీ వేరువేరు చోట్ల పెట్టింది అందుకే. పోయిన రేఫ గుర్తు ఏదో ఒక భాషలో మిగిలుంది కాబట్టి మనకి తెలిసింది.

షూ విషయంలోనూ అలాంటి గుర్తు ఒకటుంది. అది రేఫ కాదు, హకారం.

ఇంగ్లీషు షూ, జర్మన్ షూ, డచ్చి స్ఖూన్, స్వీడిష్ డేనిష్‌లలో స్కూ, ఐస్లాండిక్‌లో స్కోర్. జర్మనిక్ కుటుంబంలో ఈ మాట లేని ఇల్లు లేదు. జర్మన్లయితే చేతితొడుగుని కూడా ‘హాండ్‌షూ’ అంటారు, చేతికి వేసుకునే చెప్పు అని. ఇంత పాతుకుపోయిన మాట ఆ కుటుంబం దాటి బయట ఎక్కడా కనిపించదు. లాటిన్‌లో లేదు, గ్రీకులో లేదు, సంస్కృతంలో లేదు. ఉన్నచోట అందరికీ ఉంది, లేనిచోట ఎవరికీ లేదు. చిక్కంతా అక్కడే.

పాత ఇంగ్లీషులో ఇది ‘స్కోహ్’. రాతలో ‘స్క’ అనే ఉంటుంది గానీ పలకడం క్రమంగా ‘ష’ అయింది. కన్నడ కెర్పు తెలుగులో చెప్పు అయినట్టే, స్కాండినేవియాలో స్క నిలిచింది, ఇంగ్లండులో మెత్తబడింది. పాత జర్మన్‌లో ‘స్కువోహ్’. ఇవాళ్టి జర్మన్‌లో ఆ చివరి హ రాస్తారు, పలకరు. బవేరియా పల్లెటూళ్ళలో మాత్రం ఇంకా ‘షువాఖ్’ అని గొంతులోంచి పలుకుతారు. వీటన్నిటికంటే పాత సాక్ష్యం గోతిక్ ‘స్కోహ్స్’. వీటిని పక్కపక్కన పెట్టి, రాతలో ఎక్కడా దొరకని మూలరూపాన్ని పండితులు ‘*స్కోహజ్’ అని కట్టారు. ముందున్న నక్షత్రపు గుర్తుకి అర్థం అదే: ఇది ఎవరూ రాయగా చూసింది కాదు, లెక్క కట్టి తెచ్చింది.

గోతిక్ సాక్ష్యం మనదాకా రావడం కూడా ఒక వింతే. నాలుగో శతాబ్దంలో ఉల్ఫిలా అనే బిషప్పు, గోతులు ఎత్తుకుపోయిన కపడోకియా క్రైస్తవుల సంతతివాడు, ఇవాళ్టి బల్గేరియా ప్రాంతంలో కూర్చుని బైబిలుని గోతిక్‌లోకి తెచ్చాడు. లిపి కూడా ఆయనే కూర్చాడు. ఆరో శతాబ్దంలో ఇటలీలో దాన్ని ఊదారంగు తోలుకాగితాల మీద వెండి సిరాతో రాశారు. 336 ఆకుల్లో ఇప్పుడు మిగిలినవి 188. 1648లో స్వీడిష్ సైన్యం ప్రాగ్‌ని దోచినప్పుడు ఆ పుస్తకం వాళ్ళ చేతికి చిక్కింది. అక్కణ్ణుంచి ఒక డచ్చి పండితుడి వెంట ఈ దేశానికొచ్చింది. మొదటిసారి అచ్చయింది 1665లో ఇక్కడి డోర్‌డ్రెఖ్ట్‌లోనే. 1669 నుంచి స్వీడన్‌లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉంది. ఇన్ని చేతులు మారిన పుస్తకంలో, యోహాను తన వెనక వచ్చేవాడి చెప్పుల వారు విప్పడానికైనా తాను తగనని చెప్పే చోట, మన స్కోహ్స్ ఉంది. హకారంతో సహా.

ఆ హకారం ఎందుకంత విలువైనదంటే, జర్మనిక్ భాషల్లో హ ఊరికే పుట్టదు. సంస్కృతం ‘త్రి’కి ఇంగ్లీషు ‘త్రీ’, ‘పాదం’కి ‘ఫుట్’, లాటిన్ ‘కెంతుమ్’కి ‘హండ్రెడ్’. పాత త, ప, కలు అక్కడ థ, ఫ, హలుగా మారాయి. 1818లో డేనిష్ పండితుడు రాస్క్, 1822లో యాకోబ్ గ్రిమ్ చూపించిన సూత్రమిది. దీనికొక మినహాయింపుంది. ముందు సకారముంటే ఆ హల్లు మారదు. సంస్కృతం ‘స్థా’కి ఇంగ్లీషు ‘స్టాండ్’, తకారం చెక్కుచెదరలేదు. ఇప్పుడు స్కోహజ్ చూడండి. మొదటి కకారానికి ముందు స ఉంది కాబట్టి అలాగే నిలిచింది. చివరి హ ఒకప్పటి క. అంటే జర్మనిక్ విడిపోక ముందు, ఈ మాట వాళ్ళకి ఉండి ఉంటే, దాని ఆకారం ‘*స్కోక్’ అన్నట్టుండాలి. ఒక మాటలో రెండు కకారాలు, ఒకటి బతికింది, ఒకటి రూపు మార్చుకుంది. ఎవరు ఏ మూలం చెప్పినా ఈ రెండు కకారాలకీ, మధ్యనున్న దీర్ఘ ఓకారానికీ జవాబు చెప్పి తీరాలి.

నేను ఆ రోజు చెప్పిన మూలం ‘*(స్)కెవ్’, కప్పడం. పాత నిఘంటువుల్లో చాలాచోట్ల ఉండేది ఇదే, నేను చదివిందీ అక్కడే. అర్థానికి హాయిగా కుదురుతుంది. ఈ ధాతువు సంతానం జర్మనిక్‌లో చాలా ఉందంటారు. పాత నార్స్‌లో మేఘానికి ‘స్క్యూ’, అదే ఇంగ్లీషులోకొచ్చి ‘స్కై’ అయి ఆకాశానికెక్కింది. పశువు తోలుకి ఇంగ్లీషులో ‘హైడ్’, పాత రూపం ‘హూద్’. ఈ పిల్లలందరిలోనూ తండ్రి పోలిక కనపడుతుంది. వకారం ఊకారంగానో, ఏదో ఒక సంధ్యక్షరంగానో ఎక్కడో ఒకచోట మిగిలే ఉంది. షూలోనే లేదు. ఉండకపోవడానికి ‘*స్కోవ్‌కో’ లాంటి రూపమొకటి ఊహించి, దీర్ఘం పక్కన వకారం జారిపోయిందనాలి. అలా జారడం అసాధ్యమని అనను. కానీ తోబుట్టువులెవరికీ జరగనిది దీనికే జరిగిందనడానికి వేరే ఆధారమేదైనా కావాలి. అది లేదు.

ఇంకొక తమాషా ఉంది. ఇందాకటి గోతిక్ వాక్యంలో చెప్పుల వారుకి ఉల్ఫిలా వాడిన మాట ‘స్కౌదరైప్’. రైప్ అంటే తాడు, ఇంగ్లీషు రోప్. ముందున్న ‘స్కౌద’ని ఎక్కువమంది కలిపేది ఈ కప్పే ధాతువుతోనే, తొడుగు, తోలు అనే అర్థంతో. ఒకే వాక్యంలో పక్కపక్కనే వారు, చెప్పు. వారులో ‘ఔ’ స్పష్టంగా వినిపిస్తోంది, చెప్పులో ఆ జాడే లేదు. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు పదిహేను వందల ఏళ్ళ కిందట వెండి సిరాతో రాసుంది, నేనే చూసుకోలేదు.

రెండో ప్రతిపాదన ‘*స్కెక్’ అనే ధాతువు. చటుక్కున కదలడం, గెంతడం, దూకడం దీని అర్థం. పాత స్లావిక్‌లో ‘స్కోచితి’ అంటే దూకడం, పాత ఐరిష్‌లో ‘స్కుఖిద్’ అంటే వెళ్ళిపోవడం. జర్మన్‌లో ‘గెషేహెన్’ అంటే జరగడం. మనకీ నడవడం, జరగడం, సంభవించడం ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి గనక ఇది వింతగా తోచదు. ఇక్కడ హల్లుల లెక్క ఏ బలవంతమూ లేకుండా సరిపోతుంది. స పక్కన క, చివర ఇంకో క. ఎకారం దీర్ఘ ఓకారమెలా అయిందంటే, దానికి కాలే సాక్ష్యం. లాటిన్‌లో పాదానికి ‘పెద్’ అనే అంగం, హ్రస్వ ఎకారం. గోతిక్‌లో ‘ఫోతుస్’, దీర్ఘ ఓకారం. సంస్కృతంలో ప్రథమావిభక్తిలో ‘పాత్’, షష్ఠిలో ‘పదః’, ఒకే మాటలో దీర్ఘం, హ్రస్వం రెండూ ఉన్నాయి. పెద్-పోద్ ఎలాగో స్కెక్-స్కోక్ అలాగ.

మరి అర్థం? గెంతుకీ చెప్పుకీ ఏం సంబంధం? కప్పేది అన్నంత సుళువుగా మనసుకి పట్టదు నిజమే. కానీ కాళ్ళకి వేసుకునేవాటి పేర్లు ఎన్ని దారుల్లో పుట్టాయో చూస్తే కప్పడం అందులో ఒక దారి మాత్రమే. సంస్కృతం ‘ఉపానహ్’, దగ్గరగా కట్టేది. గ్రీకు ‘హుపోదేమ’, కింద కట్టేది. ఈ రెంటి ఆలోచనా ఒకటే, మాటలు మాత్రం వేరు. ‘పాదుక’ పాదం నుంచి, లాటిన్ ‘కల్కెయుస్’ మడమ నుంచి. ఇంగ్లీషులో ‘స్లిప్పర్’, కాలు జారవిడిచేది. అమెరికావాళ్ళ ‘స్నీకర్’ చప్పుడు కాకుండా నడిచేది. చేసే పనిని బట్టి చెప్పుకి పేరు పెట్టడం మనుషులకి కొత్త కాదు.

నా మొగ్గు ఇప్పుడు ఈ రెండోదాని వైపే. అర్థం ముద్దుగా ఉందని మొదటిదాన్ని పట్టుకున్నాను. అర్థమనేది ఎటు లాగితే అటు సాగే రకం. ధ్వని అలా సాగదు. రెండూ పోట్లాడుకుంటే నేను ధ్వని పక్షం. ఇంత చెప్పీ, దీన్ని రుజువైన సంగతిలా ఎవరికైనా చెప్తానా అంటే చెప్పను. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

మాట సరే, అసలు వాళ్ళు వేసుకున్నదేమిటి? మనం షూ అనగానే అడుగు, పై భాగం, మడమ, లేసులు ఊహించుకుంటాం. ఉత్తర జర్మనీలో డామెన్‌డోర్ఫ్ దగ్గర 1900లో బురదనేలలో దొరికిన మనిషి ఒకడున్నాడు. శరీరం తోలూ వెంట్రుకలూ మాత్రమే మిగిలేట్టు నలిగిపోయింది గానీ, ఉన్ని బట్టలతో పాటు చెప్పులు నిలిచాయి. ఇనుపయుగపు ఉత్తరాది చెప్పు సాధారణంగా ఒకటే తోలుముక్క. పాదం చుట్టూ మడిచి, అంచుల్లో చీలికలు పెట్టి, వాటిలోంచి వారు లాగి బిగించేవాళ్ళు. ఇది వాళ్ళొక్కళ్ళ తెలివి కాదు. ఆర్మేనియాలో అరేనీ గుహలో 2008లో దొరికిన చెప్పు దాదాపు ఐదున్నర వేల ఏళ్ళనాటిది. అదీ ఒకే ఆవుతోలు ముక్క, లోపల గడ్డి కుక్కి ఉంది.

ఇంకా మొరటు రకం పద్ధతి ఒకటి నార్వే పాత చట్టంలో కనిపిస్తుంది. పడమటి నార్వేలో గూలథింగ్ అనే సభ చట్టం, పదమూడో శతాబ్దపు ప్రతి దొరుకుతోంది. పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకుని వంశంలో కలుపుకోవాలంటే తండ్రి విందుకి సారా కాయించాలి. మూడేళ్ళ ఎద్దుని కోయాలి. దాని కుడికాలి తోలు ఒలిచి, దాంతో ఒక చెప్పు చెయ్యాలి. సారా బాన పక్కన పెట్టిన ఆ చెప్పులో ముందు తండ్రి కాలు పెడతాడు. తర్వాత ఆ కొడుకు. తర్వాత వారసులూ బంధువులూ. చిన్నపిల్లలుంటే వాళ్ళనీ తీసుకురావాలి, పెద్దయ్యాక మాకు తెలియదని అనకుండా. ఆ చెప్పులో అందరి కాళ్ళూ పడ్డాక ఆ అబ్బాయికి ఆస్తిలో వాటా ఉంటుంది. దాసికి పుట్టినవాడు కావచ్చు, నిన్నటిదాకా పశువుల పాకలో పడుకున్నవాడు కావచ్చు. పచ్చితోలు చెప్పులో ఒక్క అడుగు, అంతే తేడా. మన దగ్గర తోలు ముట్టుకున్నవాణ్ణి ఊరి బయట పెట్టారు. అక్కడ ఆ తోలులో కాలు పెట్టించి ఇంట్లోకి తెచ్చుకున్నారు. దీన్ని బట్టి వాళ్ళు మనకంటే మంచివాళ్ళని నేననను. అదే చట్టం మనుషుల్ని కొనడానికీ అమ్మడానికీ ఒప్పుకున్నదే.

పశువు కాలి తోలునే మనిషి కాలికి తొడిగే ఈ రకం చెప్పుకి ఉత్తరాదిలో ఇంకో పేరుంది. పాత నార్స్‌లో ‘హ్రిఫ్లింగ్ర్’, పాత ఇంగ్లీషులో ‘రిఫెలింగ్’. స్కాట్లండుకి ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో ‘రివ్లిన్’ అని, వెంట్రుకలు బయటికుండేలా పచ్చితోలుతో చేసుకునేవాళ్ళు. నన్ను బాగా ఆకట్టుకున్నది ఈ అనామక బంధువే. దీన్ని కొందరు పండితులు లిథువేనియన్ ‘కుర్పె’తో, గ్రీకు ‘క్రేపిస్’తో కలుపుతారు. రెంటికీ అర్థం చెప్పే. అంటే ఇండో-యూరపియన్లకి చెప్పుకి ఒక పాత మాట ఉండి ఉంటే, అది జర్మనిక్ ఇంటి దొడ్డివైపు దీవుల్లో, పల్లెటూరి పచ్చితోలు చెప్పుకి మిగిలింది. వీధి గుమ్మంలో మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని స్కోహజ్ కూర్చుంది. చెప్పులు తొడుక్కోవడానికి కూడా పాత క్రియ ఒకటుండేది. లిథువేనియన్‌లో ‘ఔతి’, రష్యన్‌లో ‘అబూచ్’, పాత ఇరానియన్ అయిన అవెస్తాలో ‘అఓత్ర’ అంటే పాదరక్ష. జర్మనిక్‌లో ఆ క్రియ కనపడదు. స్కోహజ్ దాన్నీ తోసేసి, తనలోంచే కొత్త క్రియ పుట్టించుకుంది.

ఆ తోసేసిన మాట స్థిరపడిందని చూపించే సాక్ష్యం ఇంకొకటుంది. శిష్యులు ప్రయాణంలో రెండంగీలు వేసుకోవద్దు గానీ చెప్పులు తొడుక్కోవచ్చని చెప్పే మార్కు వాక్యంలో, ఉల్ఫిలా ‘తొడుక్కుని’ అనడానికి స్కోహ్స్ నుంచి వచ్చిన మాటే వాడాడు, తొడుక్కునే వస్తువుకి మాత్రం ‘సుల్యా’ అన్నాడు. అది లాటిన్ ‘సోలెయా’. ఆరు వందల ఏళ్ళ తర్వాత, యూరపు ఇంకో చివర, ఆయన అనువాదం కంటనే పడి ఉండని ఇంగ్లండు అనువాదకుడు అదే చోట అదే పని చేశాడు. క్రియ షూ నుంచి, వస్తువు పేరు ‘కల్క్’ అని లాటిన్ కల్కెయుస్ నుంచి. చెప్పు తొడగడం సొంతం, ఆ రకం చెప్పు మాత్రం రోమువాళ్ళది.

రోము చెప్పు జర్మనిక్ వాళ్ళకి కొత్త వస్తువు మరి. అడుగున మేకులు కొట్టిన ‘కాలిగా’ వేసుకుని సైన్యం రైన్ నది ఒడ్డుకి దిగింది. ఆ శిబిరంలో పెరిగిన సేనాపతి కొడుకు గాయుస్‌కి చిన్న బూట్లు తొడిగి, సైనికులు ముద్దుగా కాలిగులా అన్నారు. చక్రవర్తి అయ్యాక అతను ముద్దుగా ఏమీ లేడు. ఈ డెల్టా నేల మీద ఉన్న బటావియన్లని టాసిటస్ జర్మనిక్ తెగగా లెక్కపెట్టాడు. వాళ్ళ పటాలాలని రోము బ్రిటన్‌కి పంపింది. అక్కడ విందొలాండా కోటలో ఇప్పటికి ఐదు వేలకి పైగా చెప్పులు తవ్వి తీశారు. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, పిల్లలవి. వాటితోపాటు దొరికిన చెక్కరేకుల ఉత్తరాల్లో, సుమారు క్రీ.శ. 100 నాటి ఒకదానిలో, ఎవరో ఎవరికో మేజోళ్ళూ రెండు జతల చెప్పులూ లోపలి బట్టలూ పంపిన సంగతి ఉంది. ఇలాంటి రాకపోకల్లోనే కాబోలు ‘సోక్కుస్’ ఉత్తరాదికి వెళ్ళి ‘సాక్’ అయింది. సోలా జర్మన్‌లో ‘జోలె’ అయింది. ఆ తర్వాతెప్పుడో ‘ఎస్తివాలె’, వేసవి చెప్పు, వెళ్ళి ‘ష్టీఫెల్’ అనే బూటు అయి చలికాలంలో తిరుగుతోంది. ఇన్ని రకాలు వచ్చిపడ్డా షూ తన చోటు వదల్లేదు.

ఇక మూడో దారి: ఈ మాట ఇండో-యూరపియనే కాదేమో. ఉత్తరాదికి ఆ భాష వెళ్ళేసరికి అక్కడ ముందునుంచీ ఉన్న జనం దగ్గర తీసుకున్నదేమో. ఈ దారిని గట్టిగా పట్టుకున్నవాడు జిగ్‌మున్ట్ ఫైస్ట్. బెర్లిన్‌లో ఒక యూదు అనాథాశ్రమానికి చాలా ఏళ్ళు అధికారి. గోతిక్ భాషకి ఆయన చేసిన వ్యుత్పత్తి నిఘంటువు ఇప్పటికీ వాడతారు. జర్మనిక్ పదాల్లో మూడోవంతుకి ఇండో-యూరపియన్ మూలం కనపడదని, ఆ భాష వేరే జనం నోట పడి మారిన భాష అని ఆయన వాదం. 1932లో అమెరికా పత్రిక ‘లాంగ్వేజ్’లో ఇంగ్లీషులో కూడా రాశాడు.

అది రాసిన ఏడు చూడండి. కొసినా లాంటి పురాతత్త్వవేత్తలు అప్పటికే ముప్ఫై ఏళ్ళుగా ఇండో-యూరపియన్ల పుట్టిల్లు ఉత్తర జర్మనీ మట్టే అని, ఆ రక్తం కల్తీ లేనిదని చెప్తున్నారు. ఏడాది తిరక్కుండా ఆ మాట ప్రభుత్వమైంది. మీ భాషలో మూడోవంతు ఎవరిదో అని ఒక యూదు పండితుడు అప్పుడు అనడం వ్యాకరణ చర్చగా ఎవరికీ వినపడలేదు. నిఘంటువు మూడో కూర్పు 1939లో పూర్తయింది. అచ్చయింది జర్మనీలో కాదు, ఇక్కడే, లైడెన్‌లో, బ్రిల్ సంస్థలో. అదే ఏడు ఆయన డెన్మార్క్ వెళ్ళిపోయాడు. 1943లో కోపెన్‌హేగన్‌లో పోయాడు. గ్రంథాలయంలో ఆ పుస్తకం ముఖపత్రం మీద ఊరి పేరూ సంవత్సరమూ చూసినప్పుడు కాసేపు పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఫైస్ట్ లెక్క ఎక్కువని ఇవాళ చాలామంది ఒప్పుకుంటారు. ఆయన అనాథలన్న మాటల్లో చాలావాటికి తర్వాత తల్లిదండ్రులు దొరికారు. ఆయన మీద గౌరవం కొద్దీ షూని కూడా అనాథల జాబితాలో చేర్చడం నాకిష్టం లేదు. ముచ్చటైన కథని బట్టి కప్పడం వైపు వెళ్ళినట్టే, ఉదాత్తమైన కథని బట్టి ఇటు వెళ్ళడమూ అవుతుంది. కానీ కుటుంబం బయట బంధువే దొరకని మాటకి ‘బయటిది’ అన్న జవాబుని కొట్టిపారెయ్యడానికి కూడా వీల్లేదు.

మంగళవారం వెళ్ళి చెప్పు తెచ్చుకున్నాను. కొత్త వారు, రెండు వరసల కుట్టు. డచ్చివాళ్ళకి ఒక సామెతుంది, చెప్పులు కుట్టేవాడా, నీ చెక్క అచ్చు దగ్గరే ఉండు అని. గ్రీకు చిత్రకారుడు అపెల్లెస్ బొమ్మలో చెప్పు తప్పుని ఒక చెప్పులవాడు పట్టుకున్నాడు. దిద్దాడు కదాని మర్నాడు కాలుకి కూడా వంక పెట్టబోతే, చెప్పు దాటి రాకు అన్నాడట అపెల్లెస్. ప్లినీ ఆ కథ చెప్పినప్పుడు వాడిన మాట ‘క్రెపిదా’, ఇందాకటి క్రేపిస్సే. నేనేమో భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు, బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసుకునేవాణ్ణి.

అయినా అప్పు అప్పే. ఆ రాత్రి ఆ అమ్మాయికి పెద్ద మెయిలు రాశాను. ఇప్పుడు వేరే ఊళ్ళో పరిశోధన చేస్తోంది. నీ ‘వ’ ఎక్కడికీ పోలేదమ్మా, ఆ మాటలో అది ఉందనడానికే ఆధారం లేదు, ఆ రోజు నేను తప్పు చెప్పాను అని ఒప్పుకుని, స్కెక్ సంగతీ పెద్-పోద్ పోలికా అంతా వివరించాను. రెండ్రోజులకి జవాబొచ్చింది.

“థాంక్స్ అంకుల్. స్కెక్ బావుంది. కానీ పెద్-పోద్ లాగా అనాలంటే, పెద్‌కి అన్ని భాషల్లోనూ నామరూపం ఉంది. స్కెక్‌కి క్రియలే చూపించారు. జర్మనిక్ బయట దానికి దీర్ఘమున్న నామం ఒక్కటైనా దొరికిందా?”

దొరకలేదని రాశాను.